పరుగు లేని రోజు

మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. హాఫ్ మారథాన్‌కి తయారయ్యేవాళ్ళ కోసం మా గుంపు కోచ్ ఇచ్చిన 12 వారాల ప్లాన్. మంగళవారం ఇంత, గురువారం ఇంత అని గళ్ళలో కిలోమీటర్లు రాసి ఉంటాయి. ఆదివారం గడిలో లాంగ్ రన్. ఆ అంకె 8తో మొదలై, నాలుగు వారాలకొకసారి కాస్త తగ్గి, మళ్ళీ పెరిగి 18 దాకా వెళ్తుంది. సోమవారం వరసలో మాత్రం పైనుంచి కిందదాకా ఒకటే మాట, విశ్రాంతి. పెరుగు గిన్నె కోసమో కూరగాయల కోసమో తలుపు తీయబోయినప్పుడల్లా నా చూపు ఆ సోమవారాల మీదే ఆగుతుంది. 18 కిలోమీటర్ల అంకె చూసి జంకవలసినదాన్ని, ఏమీ చెయ్యనక్కర్లేని రోజును చూసి ఎందుకు ఇబ్బంది పడుతున్నాను? నలభై దాటాక పరుగు మొదలుపెట్టిన మనిషిని. కాళ్ళు ఒప్పుకుంటాయా, ఊపిరి చాలుతుందా, ఇంట్లో ఏమంటారు అన్న ప్రశ్నలన్నిటికీ ఏదో ఒక జవాబు దొరికింది. ఈ ఖాళీ గడికే దొరకలేదు. సోమవారం కూడా అలవాటు కొద్దీ నాలుగున్నరకే మెలకువ వస్తుంది. లేచి కూర్చుంటాను. లేచాను కాబట్టి ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది, చెయ్యకపోతే ఎవరికో బాకీ పడ్డట్టుంటుంది. ఎవరికి?

మాది విశాఖపట్నం. ఇక్కడ పరుగంటే బీచ్ రోడ్డే. పొద్దున్నే కాసేపు ఆర్.కె. బీచ్ దగ్గర బండ్లను రానివ్వరు, రోడ్డంతా నడిచేవాళ్ళదీ పరుగెత్తేవాళ్ళదీ అవుతుంది. కురుసుర సబ్‌మెరైన్ దగ్గర మొదలుపెట్టి లాసన్స్ బే దాటేదాకా బాగానే ఉంటుంది. తెన్నేటి పార్కు వైపు తిరిగేసరికి దారి ఎత్తెక్కుతుంది. ఎడమ చేతి వైపు కైలాసగిరి, కుడి చేతి వైపు ఎక్కడో కింద సముద్రం, మధ్యలో మనమూ మన ఊపిరి చప్పుడూ. ఆ ఎత్తు దిగితే జోడుగుళ్ళపాలెం, సాగర్ నగర్, రుషికొండ. నేవీ మారథాన్ ఏడాది చివర్లో జరుగుతుంది కనుక దానికి వానాకాలం ఉక్కలోనే తయారవ్వాలి. ఆ నెలల్లో ఇక్కడి గాలి సంగతి ఇక్కడివాళ్ళకే తెలుస్తుంది. ఒళ్ళు చల్లబడాలంటే చెమట పడితే చాలదు, ఆరాలి. గాలిలోనే అంత తేమ ఉంటే ఎక్కడ ఆరుతుంది? చొక్కా పిండితే నీళ్ళు కారతాయి, ఒళ్ళు మాత్రం వేడిగానే ఉంటుంది. చర్మానికి రక్తం పంపాలి, కాళ్ళకీ పంపాలి, గుండె రెండు పనులూ ఒకేసారి చేస్తుంది. పక్కవాళ్ళతో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత నెమ్మదిగానే వెళ్ళాలని కోచ్ చెప్పింది అందుకే. ఆదివారం అలా రెండు గంటలు గడిపి ఇంటికొస్తే, మర్నాడు మేడ దిగేటప్పుడు తొడలు గుర్తు చేస్తాయి. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు.

ఆ సోమవారం లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలని చదవడం మొదలుపెట్టాను. నేను సైన్సు మనిషిని కాను, అయినా ఈ విషయం పట్టుకుంటే వదల్లేకపోయాను. పరుగు కండరాన్ని బలపరచదు. పరుగు కండరాన్ని దెబ్బ తీస్తుంది. పోగుల్లో కంటికి కనపడని చిన్న చిన్న చిరుగులు పడతాయి. కండరాల్లోనూ కాలేయంలోనూ దాచుకున్న పిండిపదార్థం చాలావరకు ఖర్చయిపోతుంది, అది మళ్ళీ నిండాలంటే ఒక రోజు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. బలం వచ్చేది ఆ తర్వాత, మనం పరుగెత్తని గంటల్లో, ముఖ్యంగా గాఢనిద్రలో. ఎముక సంగతి ఇంకా ఆశ్చర్యం. కొత్త బరువు పడగానే ఎముక గట్టిపడిపోతుందనుకుంటాం. కానీ ముందు పాత ఎముకను తవ్వి తీసేసే కణాలు వస్తాయి. కొత్తది పోసే కణాలు వాటి వెనకాల నెమ్మదిగా వస్తాయి. ఆ మధ్య వారాల్లో ఎముక మొదట ఉన్నదానికన్నా బలహీనంగా ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టిన రన్నర్లకు, సైన్యంలో కొత్తగా చేరిన కుర్రాళ్ళకు మొదటి రెండు నెలల్లోనే పిక్కెముకల్లో పగుళ్ళు రావడానికి ఇదొక కారణం. ఊపిరికీ గుండెకూ ఉత్సాహం వచ్చేసి ఉంటుంది, ఎముక ఇంకా పని మధ్యలోనే ఉంటుంది. ఇది చదివాక ఆ ఖాళీ గడి నాకు ఖాళీగా కనిపించడం మానేసింది. పని జరిగే రోజే అది. నేను చేసే పని కాదు, నాలో జరిగే పని. దానికి నేను చెయ్యవలసిందల్లా అడ్డం రాకపోవడం. అడ్డం రాకుండా ఉండటం ఇంత కష్టమా?

1936లో హన్స్ సెల్యే అనే యువ వైద్యుడు మాంట్రియల్ నుంచి నేచర్ పత్రికకు ఒక చిన్న ఉత్తరం లాంటి వ్యాసం రాశాడు. ఎలుకలను చలిలో ఉంచినా, విషం ఎక్కించినా, అలిసిపోయేదాకా కదిలించినా వాటి ఒళ్ళు ఒకే వరసలో స్పందిస్తోందని చెప్పాడు. మొదట ఉలిక్కిపడటం, తర్వాత తట్టుకుని నిలబడటం, బాధ ఆగకుండా సాగితే చివరికి చితికిపోవడం. పరుగు నేర్పే కోచ్‌లు చాలామంది తర్వాత ఆ మాటల్నే పట్టుకుని తమ ప్లాన్‌లు వేసుకున్నారు. కష్టం పెట్టు, తట్టుకునే దశకు రానివ్వు, చితికే దశకు ముందే ఆపు. ఇప్పుడు మా ఫ్రిజ్ మీదున్న కాగితం కూడా ఎక్కడో ఆ ఎలుకల నుంచి వచ్చిందే. దాన్ని తలుచుకుంటే మనసు ఒక రకంగా అవుతుంది. వాటికి సోమవారం ఇవ్వలేదు కదా.

జటోపెక్ కథ చదివినప్పుడు మాత్రం హాయిగా అనిపించింది. ఎమిల్ జటోపెక్ చెకొస్లొవేకియా మనిషి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, అంతకుముందు ఎన్నడూ పరుగెత్తని మారథాన్, మూడూ గెలిచాడు. అలా ఇంకెవరూ గెలవలేదు. శిక్షణలో అతనంత కఠినంగా ఉన్నవాళ్ళు తక్కువ. 400 మీటర్ల పరుగులు ఒకే రోజు పదుల సంఖ్యలో, మంచులో కూడా, సైన్యం బూట్లతో కూడా. 1950లో బ్రసెల్స్‌లో యూరోపియన్ పోటీలకు ముందు తిన్నది పడక ఆస్పత్రి పాలయ్యాడు. దాదాపు రెండు వారాలు మంచం మీదే. పోటీలకు రెండు రోజుల ముందు బయటికొచ్చాడు. ఇక ఇతని పని అయిపోయిందనుకున్నారు అందరూ. 10,000 మీటర్లలో రెండోవాడిని నిమిషానికి పైగా వెనక వదిలేశాడు, ఆ తర్వాత 5,000 కూడా తేలిగ్గా గెలిచాడు. తనంతట తాను ఎన్నడూ తీసుకోని విశ్రాంతిని జబ్బు బలవంతంగా తీయించింది. పోటీకి ముందు రెండు వారాలు దూరం తగ్గించుకునే పద్ధతిని రన్నర్లు టేపర్ అంటారు. దానికి జటోపెక్ పేరు పెట్టి మాట్లాడుకునే కోచ్‌లు కూడా ఉన్నారు. కానీ నన్ను పట్టుకున్నది గెలుపు కాదు. అంతటి మనిషికి కూడా పడుకోవడానికి జబ్బు కావలసి వచ్చింది.

మా ఇంట్లో ఆడవాళ్ళకూ అంతే. అమ్మ ఈమధ్య మా దగ్గరికొచ్చి ఉంది. ఒక సోమవారం ఆఫీసు నుంచి త్వరగా వచ్చి, కాళ్ళు గోడకు ఆనించి నేల మీద పడుకున్నాను. రక్తం కిందికి దిగుతుందని మా గుంపులో అందరూ చేస్తారు. అమ్మ గుమ్మంలో నిలబడి, "ఏమే, ఒంట్లో బాగాలేదా?" అంది. బాగానే ఉందమ్మా, ఇవాళ విశ్రాంతి రోజు అన్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి మిరియాల పాలు కాచి తెచ్చింది. బాగానే ఉందన్న మాట నమ్మలేదు. బాగానే ఉన్న ఆడది పగటిపూట పడుకోవడం ఆవిడ ఎరగదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని వింటూ పెరిగిన మనుషులం. ఆ సామెత చెప్పేది ఆస్తి కరిగిపోవడం గురించే, కానీ మేము నేర్చుకున్నది కూర్చోవడమే తప్పని. పాలు తాగుతూ అడిగాను, నీకు పెళ్ళైన కొత్తలో ఎప్పుడైనా తీరిక ఉండేదా అని. చాలాసేపు ఆలోచించి, "ఆ మూడు రోజులే" అంది. నెలకు మూడు రోజులు పెరట్లో కొట్టం పక్కన చాప వేసుకుని దూరంగా ఉండటం. కంచం వేరు, చెంబు వేరు. పిల్లలు దగ్గరికొస్తే కసిరి పంపేయాలి. ఆ అవమానం ఆవిడ మరిచిపోలేదు. అయినా నడుం నేలకు ఆనించి, మిట్టమధ్యాహ్నం కళ్ళు మూసుకుంది ఆ మూడు రోజుల్లోనేనట. ఈ రెండు సంగతులూ ఒకే గొంతుతో చెప్పింది. అంటరానిదాన్ని చేస్తే తప్ప ఆడదానికి విశ్రాంతి ఇవ్వలేని ఇల్లు ఎలాంటి ఇల్లు? నేను ఆ మాట పైకి అనలేదు. అన్నా ఆవిడ దగ్గర ఏం జవాబుంటుంది, అది ఆవిడ పెట్టిన నియమం కాదు కదా.

అదే ఇంట్లో ఎద్దులకు మాత్రం వారానికొక రోజుండేది. మా తాతది కర్నూలు వైపు నల్లరేగడి నేల. సోమవారం కాడి కట్టేవాడు కాదు. అది బసవన్న రోజు. వాన పడి పదును దాటిపోతున్నా సరే, పక్క చేలవాళ్ళు తొందరపడుతున్నా సరే, సోమవారం ఎద్దులు చింతచెట్టు కింద నెమరేస్తూ ఉండాల్సిందే. వాటిని కడిగి, మెడ మీద కాడి ఒరుసుకున్న చోట వేళ్ళతో నూనె రాసేవాడు. ఆ మచ్చ నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. వెంట్రుకలు పోయి, తోలు నల్లగా గట్టిపడి, మధ్యలో కొంచెం ఎర్రగా ఉండేది. నూనె చెయ్యి తగలగానే ఎద్దు మెడ వంచేది. అది భక్తా, వ్యవసాయపు తెలివా? రెండూ విడిగా ఉంటాయని తాత అనుకున్నట్టు లేదు. అదే సోమవారం నాయనమ్మ శివుడి కోసం ఉపవాసం ఉండేది. ఉపవాసంతోనే పదిమందికి వండి వడ్డించేది. ఎద్దుల విషయంలో ఆ ఇంటికి తెలిసినది మనుషుల విషయంలో ఎందుకు తెలియలేదు?

పరుగు మొదలుపెట్టకపోతే ఈ ప్రశ్న నాకు వచ్చేది కాదేమో. నాలుగున్నరకు లేచి రోడ్డు మీదికొస్తే, ఆ వేళకు మేల్కొని ఉన్న ఊరు వేరు. ఊడ్చేవాళ్ళు, పాల ప్యాకెట్ల ట్రేలు దించేవాళ్ళు, పేపర్లు సర్దుకునే కుర్రాళ్ళు, రాత్రంతా ఆర్డర్లు మోసి బండి స్టాండు వేసి దాని మీదే తల వాల్చిన అబ్బాయి. వాళ్ళ గుండె కూడా నా గుండెలాగే కొట్టుకుంటోంది. ఒక రోజు పెద జాలరిపేట దగ్గర అలివి వల లాగుతుంటే ఆగి చూశాను. పడవ మీద వల తీసుకెళ్ళి సముద్రంలో పెద్ద వంపుగా వదిలి వస్తారు. ఒడ్డున రెండు చోట్ల రెండు వరసలుగా నిలబడి రెండు తాళ్ళూ లాగుతారు. తాడును నడుం మీదుగా తీసుకుని, మడమలు ఇసకలో దిగేసి, వెనక్కి వెనక్కి నడుస్తారు. వరసలో అందరికన్నా వెనకున్న మనిషి కొంత దూరం వెళ్ళాక తాడు వదిలేసి, ఖాళీ చేతులతో నీళ్ళ దాకా నడిచొచ్చి, మళ్ళీ ముందర పట్టుకుంటాడు. అలా ఒకరి తర్వాత ఒకరు, గంటలకొద్దీ. ఒక పెద్దాయన అలా తాడు వదిలి వస్తూ నన్ను చూసి ఆగాడు. అరచేతులు మొలకు తుడుచుకున్నాడు. ఎంతసేపు లాగుతారు బాబాయ్ అని అడిగాను. "వల ఒడ్డుకొచ్చిందాకా. తాడొగ్గీసి నడిచొచ్చినంతసేపే ఊపిరి" అన్నాడు, మళ్ళీ వెళ్ళి పట్టుకున్నాడు.

జెఫ్ గాలొవే అనే అమెరికా రన్నర్ 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తాడు. ఆ తర్వాత మామూలు మనుషులకు దూరాలు నేర్పుతూ ఒక పద్ధతి ప్రచారం చేశాడు. కొన్ని నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, అది కూడా అలసట రాకముందే, మొదటి కిలోమీటరు నుంచే. మా గుంపులో కొందరు దాన్ని చిన్నచూపు చూస్తారు, నడిస్తే అది పరుగెలా అవుతుందంటారు. నేను ఆ పద్ధతినే పాటిస్తాను. ఆ పెద్దాయన చేసేదీ అదే, ఎవరూ నేర్పకుండానే. కానీ ఇద్దరికీ ఎంత తేడా! నా నడక నిమిషం వాచీలో నేను పెట్టుకున్నది. ఆయనది వల ఇచ్చినంత. నా వెనక సోమవారం ఉంది, ఆయన వెనక రేపటి వల ఉంది.

ఈ తేడాను కొలిచినవాళ్ళు ఉన్నారని తర్వాత తెలిసింది. 1953లో లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు డబుల్ డెక్కర్ బస్సుల్లో పనిచేసేవాళ్ళను పరిశీలించి, లాన్సెట్‌లో ఒక వ్యాసం ప్రచురించాడు. రోజంతా కూర్చునే డ్రైవర్లకన్నా, రోజంతా మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువ. ఒంటికి కదలిక మంచిదని ఇవాళ డాక్టర్లందరూ చెప్పే మాటకు పునాది అక్కడ పడింది. అయితే చాలా ఏళ్ళకు డెన్మార్క్‌లో ఆండ్రియాస్ హోల్టర్‌మన్, అతని సహచరులు ఇంకో సంగతి గమనించారు. లక్ష మందికి పైగా కోపెన్‌హాగన్ ప్రజల లెక్కలతో 2021లో యూరోపియన్ హార్ట్ జర్నల్‌లో వచ్చిన వారి వ్యాసం చదివితే మనసు కలుక్కుమంటుంది. తీరిక వేళ ఒళ్ళు వంచేవాళ్ళకు గుండెజబ్బులూ ముందస్తు మరణాలూ తగ్గుతున్నాయి. పనిలో ఒళ్ళు వంచేవాళ్ళకు పెరుగుతున్నాయి. ఒకే గుండె, ఒకే కండరం, ఒకే చెమట. సిగరెట్టు, చదువు, ఆదాయం లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా పూర్తిగా పోలేదు. పేదరికాన్ని అంకెల్లోంచి అంత తేలిగ్గా తీసెయ్యలేమని అభ్యంతరం చెప్పినవాళ్ళూ ఉన్నారు, ఆ అభ్యంతరంలో నిజముంది. అయినా వాళ్ళు చూపే కారణాలు చదువుతుంటే నాకు అలివి వలే కనిపించింది. బరువులెత్తడం, ఒకే భంగిమలో గంటల తరబడి ఉండటం, రక్తపోటు రోజంతా దిగకపోవడం, ఎప్పుడు ఆగాలో తన చేతిలో లేకపోవడం, కోలుకునేంత విరామం దొరక్కపోవడం. మరి మోరిస్ కండక్టర్లకు ఎందుకు మేలు జరిగింది? నాకు తోచింది చెబుతాను, శాస్త్రం అని చెప్పను. స్టాపుకీ స్టాపుకీ మధ్య కండక్టరు కాసేపు కమ్మీకి ఆనుకుని నిలబడగలిగేవాడేమో. అతని పనిలోనే గాలొవే నిమిషం ఉందేమో.

ఇలా చదువుకుంటూ పోతే కష్టం గొప్పదనం గురించి చిన్నప్పటి నుంచి నేను నమ్మినదంతా కదిలిపోయింది. కష్టపడితే గట్టిపడతారంటారు. పొలంలో పనిచేసే మనిషికి జిమ్ ఎందుకంటారు. నేనూ అన్నదాన్నే. కష్టం ఒక్కటే ఎవరినీ గట్టిపరచదు. కష్టానికి పక్కన ఖాళీ ఉంటేనే అది శిక్షణ అవుతుంది, లేకపోతే అరుగుదల. మా తాత అరవయ్యో ఏట నడుం వంగిపోయిన మనిషి, ఆయనకన్నా ముందే నాయనమ్మ వంగిపోయింది. వాళ్ళు నాకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ దూరం నడిచారు, ఎక్కువ బరువులు మోశారు. ఏ కోచ్ ప్లాన్ ప్రకారం చూసినా వాళ్ళు మహా అథ్లెట్లు కావలసినవాళ్ళు.

ఆ ఖాళీ ఎవరూ ఊరికే ఇచ్చింది కాదు. ఫూలే అనుచరుడైన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో బొంబాయి మిల్లు కార్మికులను కూడగట్టి సంఘం పెట్టాడు. ఆదివారం సెలవు కావాలని ఏళ్ళ తరబడి అర్జీలు, సభలు. మిల్లు యజమానులు ఒప్పుకున్నది 1890 జూన్ 10న. నా ఆదివారం లాంగ్ రన్‌కు ఆయన కూడా కారణమే. ఆయన అడిగినది ఒక్క మిల్లుకు కాదు. ఒక మిల్లు ఆగి పక్క మిల్లు నడిస్తే ఆగిన యజమాని నాలుగు రోజుల్లో మళ్ళీ సైరన్ మోగిస్తాడు. అందరూ కలిసి ఆగాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికొక సెలవు రాసి పెట్టింది. ఆ చట్టం వచ్చింది ఫ్యాక్టరీ గేటు దాకానే. ఇళ్ళలో అంట్లు తోమేవాళ్ళ దగ్గరికీ, బండి మీద తిండి మోసే ఆ అబ్బాయి దగ్గరికీ అది రాలేదు. ఇంకో సంగతి కూడా మరిచిపోకూడదు, పని లేకపోవడం విశ్రాంతి కాదు. భీమిలి దగ్గర చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడింది. ఆ కార్మికుల ఖాళీ రోజులను ఎవరు విశ్రాంతి అనగలరు? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకోవడానికి సముద్రానికి ఇచ్చే సెలవు అది, చాలా మంచి నియమం. ఆ రెండు నెలలూ ఇంట్లో పొయ్యి వెలగాలి కాబట్టి ప్రభుత్వం జాలరి కుటుంబాలకు భృతి ఇస్తుంది, అది వేళకు చేతికందిన ఏడు మాత్రమే ఆ 61 రోజులూ మనిషికి కూడా సెలవవుతాయి. నా సోమవారానికి జీతం కోత లేదు. ఉంటే ఆ గడిలో విశ్రాంతి అని రాసుకునేదాన్నా?

ఇప్పుడు టేపర్ మొదలైంది. ఆదివారం అంకె సగానికి పడిపోయింది. ఇంత తక్కువ పరుగెత్తితే నేర్చుకున్నదంతా పోతుందని ఒళ్ళు భయపెడుతుంది, లేని నొప్పులు కూడా కనిపిస్తాయి. మా గుంపులో అందరికీ ఇదే తంతు. రెండు వారాల్లో సత్తువ ఎక్కడికీ పోదని, పైగా రక్తం, నిల్వలు, కండరాలు పుంజుకుంటాయని చదివి ఉన్నాను కాబట్టి కూర్చోగలుగుతున్నాను. అమ్మ కూడా ఇప్పుడు అలవాటు పడింది. మధ్యాహ్నం నా పక్కన చాప వేసుకుని ఆవిడా కాళ్ళు గోడకు ఆనిస్తోంది, మోకాళ్ళకు హాయిగా ఉందంటోంది. 21.0975 కిలోమీటర్లు నేను పరుగెత్తే రోజున కూడా ప్రతి నీళ్ళ టేబుల్ దగ్గరా నడుస్తాను. అది ముందే నిర్ణయించుకున్నాను.

ఇంకొక నిర్ణయం మాత్రం నా ఒక్కదాని చేతిలో లేదు. ఆదివారం రెండు గంటలు పరుగెత్తి ఇంటికొచ్చి నేను సోఫాలో కూలబడే వేళకు, మా ఇంట్లో పనికొచ్చే ఆవిడ అప్పటికే రెండిళ్ళు ముగించుకుని మా అంట్ల ముందు కూర్చుంటుంది. వారంలో ఏడు రోజులూ ఆ వేళకే. ఇకనుంచి ఆదివారం రావద్దు, జీతంలో ఏమీ తగ్గించనని చెప్పాను. "మీరొద్దంటే మాత్రం ఏటవుతాదమ్మా? ఆ ముగ్గురిళ్ళకీ ఎలాగూ రావాల కదా" అంది. నిజమే. మెట్లెక్కి వచ్చాక మూడిళ్ళైనా నాలుగిళ్ళైనా ఆమెకు ఆ రోజు పోయినట్టే. లోఖండే అన్ని మిల్లులూ ఎందుకు అడిగాడో అప్పుడు నాకు ఇంట్లోనే అర్థమైంది. మిగతా ముగ్గురితో మాట్లాడాను. ఇద్దరు ఒప్పుకున్నారు. పై అంతస్తులో ఉండే మూడో ఆవిడ, ఆదివారమైతే ఇంట్లో అందరం ఉంటాం, చుట్టాలొస్తారు, ఇంకే రోజైనా సరే అన్నారు. బుధవారం అనుకుందామా అని పనావిడను అడిగితే తలూపలేదు. ఆమె పిల్లలిద్దరూ బడికి వెళ్ళే వయసువాళ్ళు, వాళ్ళు ఇంట్లో ఉండేది ఆదివారమే, తనకు కావలసిందీ ఆ రోజే. ఆమె అడిగినదాన్ని తగ్గించి మాట్లాడే హక్కు నాకు లేదు. ఈ వారం మళ్ళీ పై అంతస్తుకు వెళ్ళి కూర్చుని మాట్లాడాలి. పరుగెత్తవలసిన దూరం ఎలాగూ తక్కువే, సాయంత్రాలు ఖాళీ ఉన్నాయి.